సాతానూ సింహమే, యేసుప్రభువూ సింహమే: పిల్లవాడు అడిగితే ఏం చెప్పాలి?

మెట్టుగూడ టీచర్ | ఆదివారం, సాయంత్రం 6:10

అందరికీ వందనాలు. సికింద్రాబాద్‌లో మా సంఘంలో పదకొండేళ్లుగా సండేస్కూల్ చూస్తున్నాను. ఇవాళ క్లాసులో నాకు నోట మాట రాలేదు.

పోయిన నెల 1 పేతురు 5:8 పాఠం చెప్పాను. అపవాది గర్జించు సింహంలా ఎవరిని మింగుదునా అని వెదకుచు తిరుగుతున్నాడు అన్న వాక్యం. చార్టు మీద పెద్ద సింహం బొమ్మ గీసి గోడకు పెట్టాను. ఈ వారం ప్రకటన 5వ అధ్యాయం, యేసుప్రభువును యూదా గోత్రపు సింహం అన్న చోటు. కొత్త బొమ్మ గీసే టైం లేక ఆ చార్టునే మళ్లీ తీశాను. నాలుగో తరగతి బాబు లేచి, "టీచర్, పోయిన నెల ఈ సింహమే కదా సాతాను అన్నారు?" అన్నాడు. క్లాసంతా నా వైపే చూసింది. వచ్చే వారం చెప్తానని తప్పించుకున్నాను.

ఇంటికి వస్తుంటే ఆలుగడ్డబావి దగ్గర నా ముందు వెళ్తున్న ఆటో అద్దం మీద కూడా "యూదా గోత్రపు సింహం" అని పెద్ద స్టిక్కర్. ఇన్నేళ్లు రెండు వాక్యాలూ చదివాను, చెప్పాను. ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఎప్పుడూ చూడలేదు. ఆ బాబు చూశాడు. వాడికి నిజమైన జవాబు ఇవ్వాలి. సాయం చేయండి.

బొల్లారం పెద్దాయన | ఆదివారం, రాత్రి 8:02

అమ్మా, ముందు ఆ పిల్లవాణ్ణి మెచ్చుకోండి. శ్రద్ధగా వింటున్నాడు కాబట్టే అడిగాడు.

నాకు తెలిసినంతవరకు బైబిల్లో సింహం ఒక గుర్తింపు కార్డు కాదు, పోలిక. పోలిక ఎక్కడ వచ్చినా "దేని విషయంలో పోల్చారు?" అని అడగాలి. పేతురు చెప్పింది ఆకలి గురించి. యాకోబు తన కొడుకు యూదాను కొదమ సింహము అన్నప్పుడు (ఆదికాండము 49:9) చెప్పింది ఎదురులేనితనం గురించి: పడుకున్న సింహాన్ని లేపే ధైర్యం ఎవరికి ఉంది? సామెతలు 28:1లో నీతిమంతుడు సింహంలా ధైర్యంగా ఉంటాడు. సామెతలు 19:12లో రాజు కోపం సింహ గర్జన. అదే సామెతల్లో సోమరిపోతు బయట సింహం ఉందని సాకు చెప్పి ఇల్లు కదలడు (22:13). ఇన్నిచోట్లా జంతువు ఒకటే, మాట వేరు.

మన తెలుగులో మాత్రం? "వాడు సింహంలాంటి వాడు" అంటే పొగడ్త. "శత్రువులకు సింహస్వప్నం" అంటే భయం. ఎవరూ తికమక పడరు కదా.

మెట్టుగూడ టీచర్ | ఆదివారం, రాత్రి 8:40

అయ్యగారూ, మీరు చెప్పింది సరైనదే. కానీ అది పెద్దవాళ్లకు సరిపోయే జవాబు అనిపిస్తోంది. "పోలిక వేరు" అంటే ఆ బాబు తలూపి కూర్చుంటాడు. వాడి మనసులో మాత్రం ఒకే సింహం ఉంటుంది. ఇంత భయంకరమైన జంతువునే దేవుడు తన కుమారుడికి పేరుగా ఎందుకు ఒప్పుకున్నాడు? నాకు అదీ తెలియాలి.

తార్నాక విద్యార్థి | ఆదివారం, రాత్రి 10:15

వందనాలు అక్కా. వేదాంత విద్యార్థిని, హెబ్రీ నేర్చుకుంటున్నాను.

ఆ కాలంలో సింహం ఎంత దగ్గరి జంతువో భాషను చూస్తే తెలుస్తుంది. యోబు 4:10-11లో, కేవలం రెండు వచనాల్లో, సింహానికి ఐదు వేర్వేరు హెబ్రీ మాటలు ఉన్నాయి: అర్యే, షాహల్, కెఫీర్, లాయిష్, లావీ. మనకు ఎడ్లకు, కోడెలకు, లేగలకు, పెయ్యలకు వేరువేరు మాటలున్నట్టు. రోజూ చూసే జంతువుకే అన్ని పేర్లు పుడతాయి.

ఒక ఉదాహరణ చెప్తాను. కీర్తన 34:10 మనలో చాలామందికి కంఠతా వచ్చు: "సింహపు పిల్లలు లేమిగలవై ఆకలిగొనును". చిన్నప్పటి నుంచీ నా ఊహలో అవి తల్లి పక్కన ముడుచుకున్న చిన్న కూనలు. కానీ అక్కడున్న మాట కెఫీర్. అంటే పాలు మాని, వేట నేర్చి, ఒంట్లో బలం పొంగుతున్న పడుచు సింహం. అడవిలో దానికంటే బాగా తిండి సంపాదించుకోగలిగేది లేదు. అదే పస్తు ఉండొచ్చు గానీ దేవుణ్ణి ఆశ్రయించినవాడికి ఏ మేలూ కొదువ కాదు అంటున్నాడు కీర్తనకారుడు. కూనలు ఆకలితో ఉంటాయి అంటే జాలి కలుగుతుంది. బలవంతులే ఆకలితో ఉంటారు అంటే వాక్యం బరువే మారిపోతుంది.

బహదూర్‌పుర వాసి | సోమవారం, ఉదయం 6:48

నేను పెద్దగా బైబిల్ చదివినవాణ్ణి కాదు, మా ఆవిడ విశ్వాసి. కానీ జంతువులంటే ప్రాణం. జూపార్కు మాకు దగ్గరే. ఆ గర్జన దగ్గర నుంచి విన్నప్పుడల్లా గుండె ఝల్లుమంటుంది. నిశ్శబ్దంగా ఉన్న రాత్రి సింహం గర్జన ఎనిమిది కిలోమీటర్ల వరకు వినిపించగలదు.

మీరంతా పుస్తకంలో చదువుతున్న సింహం మనకు పరాయిది కాదు. దావీదు కాలంలో పాలస్తీనాలో తిరిగినవి ఆసియా సింహాలే. మధ్యయుగాల్లో అక్కడ అంతరించాయి. తర్వాత ఇరాన్, ఇరాక్‌లలో కూడా పోయాయి. ఇప్పుడు అడవిలో మిగిలింది గుజరాత్‌లో గిర్ ప్రాంతంలోనే. 2020లో 674 ఉండేవి, 2025 లెక్కల్లో 891 అయ్యాయి. బైబిల్ సింహం సజీవంగా కనిపించేది ఈరోజు మన దేశపు అడవిలోనే.

ఇంకో సంగతి. సింహం వేటకు వెళ్లేటప్పుడు సాధారణంగా గర్జించదు. గడ్డిలో నక్కి చప్పుడు లేకుండా వస్తుంది. గర్జించేది "ఈ చోటు నాది" అని చాటడానికి, దూరంగా ఉన్న తన గుంపును పిలవడానికి. మరి పేతురు "గర్జించు సింహం" అని ఎందుకన్నాడో మీరే చెప్పాలి.

కూకట్‌పల్లి బ్రదర్ | సోమవారం, ఉదయం 9:20

ప్రైజ్ ద లార్డ్. అందుకే ప్రసంగాల్లో చెప్తారు కదా, సాతాను పళ్లూడిన ముసలి సింహం, ఊరికే అరుస్తుంది, కరవలేదు అని. అదే పిల్లలకు చెప్పండి, భయం పోతుంది.

తార్నాక విద్యార్థి | సోమవారం, ఉదయం 11:05

బ్రదర్, ఆ మాట నేనూ చాలాసార్లు విన్నాను. కానీ పేతురు రాసిన దాంట్లో ముసలితనం లేదు, పళ్లూడటం లేదు. "మింగుదునా" అని ఉంది. ఆ పత్రిక అందుకున్నవాళ్లు విశ్వాసం కోసం నిజంగా శ్రమపడుతున్నవాళ్లు. తర్వాతి వచనమే చెప్తుంది, లోకమంతటా ఉన్న మీ సహోదరులకూ ఇవే శ్రమలు అని. వాళ్ల దగ్గరికి వెళ్లి "అది కరవదులే" అని ఎలా అనగలం? కరుస్తోంది కాబట్టే ఆ ఉత్తరం రాయాల్సి వచ్చింది. విశ్వాసంలో స్థిరులై వానిని ఎదిరించుడి అంటాడు తప్ప వాడు ఉత్తిత్తి సింహం అనడు.

గర్జన సంగతి రాత్రికి రాస్తాను. అందులో ఇంకా పెద్ద విషయం ఉంది.

సిద్దిపేట కాపరి మనవడు | సోమవారం, మధ్యాహ్నం 1:30

బహదూర్‌పుర అన్న జంతువుల మాటెత్తాడు కాబట్టి నేనూ చెప్తా. మా తాత గొర్లు కాసేటోడు. మా దిక్కు సింహాలు లేవు, తోడేళ్ల భయం ఉండేది. వేరేవాళ్ల జీవాలు కాసినప్పుడు ఒకటి పోతే చెవో కాలో తెచ్చి చూపించాలి. లేకపోతే అమ్ముకున్నావు అంటారు. ఆ అవమానం తట్టుకోలేక చీకట్లో కట్టె పట్టుకొని తోడేలు వెనక పడేవాడట.

ఆమోసు 3:12 మొదటిసారి చదివినప్పుడు ఏడ్చాను. కాపరి సింహం నోట్లో నుంచి రెండు కాళ్లో, చెవి ముక్కో విడిపించినట్టు ఇశ్రాయేలీయులు రక్షింపబడతారు అని ఉంటుంది. నిర్గమకాండము 22:13లో ఆ చట్టమే ఉంది: మృగం చీల్చితే సాక్ష్యంగా దాన్ని తేవాలి. ఆమోసు తెకోవలో కాపరి. పుస్తకాలు చూసి రాసిన మాట కాదది, తను బతికిన బతుకు. ఆ చెవి ముక్క బతికిన గొర్రె కాదు. చచ్చిన గొర్రెకు సాక్ష్యం. మిగిలేది అంతే అంటున్నాడు ప్రవక్త.

అదే దావీదు చూడండి. సౌలు ముందు నిలబడి, సింహం వచ్చి గొర్రెపిల్లను ఎత్తుకుపోతే వెంటబడి దాని నోట్లో నుంచి విడిపించాను అంటాడు (1 సమూయేలు 17:34-35). చెవి కాదు, మొత్తం పిల్లను. కాపరి బిడ్డలకు మాత్రమే ఆ మాట విలువ తెలుస్తుంది. యూదా గోత్రంలో పుట్టిన దావీదు సింహంగా కాదు, సింహంతో తలపడిన కాపరిగా మనకు మొదట కనిపిస్తాడు. టీచరమ్మా, మీ బాబుకు ఈ కథ చెప్పండి.

యాప్రాల్ అక్క | సోమవారం, సాయంత్రం 7:55

మీరంతా సాతాను, యేసు అని రెండే అంటున్నారు. మూడోది ఎవరూ ఎత్తలేదు. తండ్రియైన దేవుడే సింహమై మీద పడే మాటలు.

మా ఆయన పోయిన ఏడాది నేను విలాపవాక్యములు మూడో అధ్యాయం తప్ప ఏదీ చదవలేకపోయాను. నా ప్రాణానికి ఆయన పొంచి ఉన్న ఎలుగుబంటిలా, చాటున ఉన్న సింహంలా ఉన్నాడు అంటాడు అక్కడ (3:10). హిజ్కియా రాజు కూడా జబ్బు పడి, సింహం ఎముకలు విరిచినట్టు నా ఎముకలు విరుస్తున్నాడు అని ఏడుస్తాడు (యెషయా 38:13). హోషేయ 5:14లో దేవుడు తానే, నేను ఎఫ్రాయిముకు సింహంలా ఉంటాను, చీల్చి వెళ్తాను అంటాడు.

ఓదార్చడానికి వచ్చినవాళ్లు ఈ వచనాలు చదవలేదు. చదివి ఉంటే నాకు తోడు దొరికేది. దేవుడే నన్ను చీల్చాడు అనిపించినప్పుడు, ఆ మాట అనడానికి దేవుడే తన గ్రంథంలో చోటిచ్చాడని తెలియడం నాకు ఊపిరి.

ఆ తర్వాత చాలా నెలలకు హోషేయ 11:10-11 దగ్గర ఆగాను. యెహోవా సింహంలా గర్జిస్తాడు, ఆయన పిల్లలు పడమటి నుంచి వణుకుతూ వస్తారు, ఐగుప్తు నుంచి పక్షుల్లా, అష్షూరు నుంచి గువ్వల్లా ఎగిరి వస్తారు. వాళ్లను వాళ్ల ఇళ్లలో నివసింపజేస్తాను అంటాడు. బహదూర్‌పుర తమ్ముడు చెప్పాడు కదా, గర్జన దూరంగా ఉన్నవాళ్లను పిలవడానికి కూడా అని. నాకు ఇవాళే తెలిసింది ఆ సంగతి. ఉదయం నుంచి దాన్నే తలచుకుంటున్నాను.

బహదూర్‌పుర వాసి | సోమవారం, రాత్రి 8:20

అక్కా, నేను జంతువు గురించి రాశానంతే. అది మీకు ఇలా చేరుతుందని అనుకోలేదు. మా ఆవిడకు మీ పోస్టు చదివి వినిపించాను.

గన్‌ఫౌండ్రీ పాఠకురాలు | సోమవారం, రాత్రి 9:10

మా కథోలికుల్లో సింహం అనగానే మార్కు సువార్తికుడు గుర్తొస్తాడు. యెహెజ్కేలు 1వ అధ్యాయంలో, ప్రకటన 4:7లో నాలుగు జీవులు ఉన్నాయి కదా: సింహం, దూడ, మనిషి, పక్షిరాజు. వాటిని నాలుగు సువార్తలకు జోడించారు. కాకపోతే మొదట్లో ఏకాభిప్రాయం లేదు. 2వ శతాబ్దంలో ఐరేనియస్ సింహాన్ని యోహానుకు ఇచ్చాడు. అగస్టీన్ మత్తయికి ఇచ్చాడు. జెరోమ్ మార్కుకు ఇచ్చాడు, చివరికి అదే నిలిచింది. మార్కు సువార్త అరణ్యంలో కేకవేసే స్వరంతో మొదలవుతుంది కాబట్టి. వెనిస్ నగరపు రెక్కల సింహం ఈ మార్కు సింహమే.

టీచర్ గారి ప్రశ్నకు ఇది నేరుగా జవాబు కాదని తెలుసు. కానీ అంత పెద్ద పండితులే ఒక్క సింహాన్ని ముగ్గురికి ఇచ్చారంటే, ఈ గుర్తులు రాతిలో చెక్కినవి కావని ధైర్యంగా చెప్పొచ్చు.

ఉప్పల్ మిత్రుడు | సోమవారం, రాత్రి 10:00

నమస్కారం. నేను హిందువును, మా ఇలవేల్పు యాదగిరిగుట్ట నరసింహస్వామి. మీ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను. తప్పుగా అనుకోకపోతే ఒక మాట. మాకు ఈ ప్రశ్న కొత్తగా అనిపించదు. స్తంభంలో నుంచి వచ్చిన రూపం ఒక్కటే. హిరణ్యకశిపుడికి మృత్యువు, ప్రహ్లాదుడికి అభయం. దేవతలు కూడా దగ్గరికి పోవడానికి భయపడితే పసివాడు వెళ్లి నిలబడ్డాడు. ఎవరు చూస్తున్నారన్న దాన్ని బట్టి సింహం మారుతుంది. మీ గ్రంథంలోనూ అలాంటిదే ఉందా?

బొల్లారం పెద్దాయన | మంగళవారం, ఉదయం 7:15

నమస్కారం బాబూ. తప్పేముంది, బాగా అడిగారు. సింహాల మధ్య పడవేయబడిన దానియేలు కథ మీరు చెప్పినదానికి దగ్గరగా ఉంది. అవే సింహాలు దానియేలును ముట్టలేదు, ఆయనపై నేరం మోపినవాళ్లను అడుగు తాకకముందే చీల్చేశాయి. అయితే తేడా కూడా ఉంది. అక్కడ సింహాలు దేవుడు కావు, దేవుడు వాటి నోళ్లు మూయించాడు. మా గ్రంథంలో దేవుడు సింహరూపం ఎత్తడు, సింహంతో పోల్చబడతాడు. ఆ హద్దు మాకు ముఖ్యం. కానీ భయపెట్టే బలమే బలహీనుడికి ఆసరా అవుతుందన్న మీ మాట నాకు నచ్చింది.

తార్నాక విద్యార్థి | మంగళవారం, ఉదయం 7:50

దానియేలు మాట వచ్చింది కాబట్టి: మన తెలుగు బైబిల్లో "సింహముల గుహ" అని ఉంది. మూలంలో అరామిక్ మాటకు అర్థం గుంట, గొయ్యి. అందుకే దానిలో పడద్రోస్తారు, మీద రాయి పెట్టి రాజు ముద్ర వేస్తారు, పొద్దున్నే దానియేలును పైకి తీస్తారు. పక్కకు తెరుచుకున్న గుహ కాదది.

ఇక గర్జన. నిన్న చెప్తానన్నాను. పేతురు వాడిన "గర్జించు సింహము" అన్న మాట వెనక 22వ కీర్తన ఉందని నా నమ్మకం. ఆ కీర్తన 13వ వచనంలో బాధితుడి చుట్టూ శత్రువులు చీల్చుతూ గర్జించే సింహంలా నోళ్లు తెరుస్తారు. గ్రీకు అనువాదంలో ఆ గర్జనకు ఉన్న మాటనే పేతురు వాడాడు. 21వ వచనంలో, సింహపు నోట నుండి నన్ను రక్షించు అని మొర.

ఆ కీర్తన ఎవరిది? "నా దేవా, నా దేవా, నీవు నన్నేల విడనాడితివి" అని మొదలయ్యేది. సిలువ మీద యేసు ఎత్తుకున్న కీర్తన. అంటే సింహం అని పిలిపించుకోవడానికి ముందు ఆయన సింహం నోట్లో ఉన్నాడు.

ఇప్పుడు ప్రకటన 5వ అధ్యాయం చదవండి. గ్రంథం విప్పేవాడు ఎవడూ లేడని యోహాను ఏడుస్తున్నాడు. పెద్దల్లో ఒకడు, ఏడవకు, యూదా గోత్రపు సింహం జయించాడు అంటాడు. యోహాను చెవికి వినిపించింది సింహం. తిరిగి చూస్తే కళ్లకు కనిపించింది, "వధింపబడినట్లుండిన గొఱ్ఱెపిల్ల". ఆ తర్వాత సింహం మళ్లీ కనిపించదు. ప్రకటన గ్రంథం మొత్తంలో యేసును సింహం అన్నది ఈ ఒక్కసారే. గొర్రెపిల్ల అన్నది 28 సార్లు. ఇంకోవైపు సింహపు నోరు ఎవరికుందో చూడండి: 13:2లో సముద్రంలో నుంచి వచ్చే క్రూరమృగానికి.

అక్కా, మీ బాబు అడిగిన రెండు సింహాల తేడా ఇక్కడుంది. ఒకటి మింగి గెలవాలని చూస్తుంది. ఇంకొకటి వధకు తన్ను తాను ఇచ్చుకొని గెలిచింది.

కూకట్‌పల్లి బ్రదర్ | మంగళవారం, మధ్యాహ్నం 12:40

బ్రదర్, చాలా బాగా రాశారు. ముసలి సింహం మాట ఇక వాడను. కానీ ఒక్క సంగతి ఒప్పుకోలేను. మా సంఘంలో సగం మంది అడ్డా కూలీలు, ఇళ్లల్లో పనిచేసే అక్కలు. వారమంతా ఎవరో ఒకరు వాళ్లను కసురుకుంటూనే ఉంటారు. వాళ్లకు గొర్రెపిల్ల అంటే తమలాగే ఇంకొకరు కోయబడటం. ఆదివారం వచ్చి "సింహం జయించాడు" అని పాడితే వాళ్ల వెన్ను నిటారవుతుంది, కళ్లారా చూస్తున్నాను. మా కూటాల ఫ్లెక్సీ మీద సింహం బొమ్మ అందుకే వేస్తాం. దాన్ని తీసేయమనకండి.

తార్నాక విద్యార్థి | మంగళవారం, మధ్యాహ్నం 2:10

బ్రదర్, తీసేయమని నేను అనలేను. యోహాను ఏడుపు ఆపింది కూడా సింహం అన్న మాటే. ఆ మాట ముందు రావాలి. నేను అడిగేది, ఫ్లెక్సీ మీద పక్కన గొర్రెపిల్ల కూడా ఉండాలని. కోయబడినవాడే గెలిచాడు అంటే, మీ అక్కలు ఓడిపోయినవాళ్లు కారని కదా.

కూకట్‌పల్లి బ్రదర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:35

ఈ మాట ఆదివారం సంఘంలో చెప్తాను.

బొల్లారం పెద్దాయన | మంగళవారం, రాత్రి 9:30

ఇవాళ పగలంతా ఆ అధ్యాయమే చదువుతూ కూర్చున్నాను. ఇన్నేళ్లలో చూడనిది ఒకటి కనపడింది.

గొర్రెపిల్ల ఎక్కడ నిలబడి ఉంది? సింహాసనం మధ్య. మన తెలుగు మాటలోనే సింహం ఉంది: సింహం, ఆసనం. హెబ్రీలో, గ్రీకులో ఆ మాటకు సింహంతో సంబంధం లేదని విద్యార్థి బాబు చెప్పగలడు. సొలొమోను సింహాసనానికి మాత్రం నిజంగానే సింహాలుండేవి, ఆరు మెట్ల మీద పన్నెండు, చేతులు ఆనించే చోట రెండు (1 రాజులు 10:19-20). ఆ వంశంలో వచ్చిన రాజు కోసం చూస్తే, సింహాల పీట దగ్గర గాయపడిన గొర్రెపిల్ల నిలబడి ఉంది. తెలుగులో చదివేవాడికి ఆ ఒక్క మాటలోనే రెండూ కలిసి వినిపిస్తాయి. ఇది మన భాష మనకిచ్చిన వరం అనుకుంటున్నాను.

తార్నాక విద్యార్థి | మంగళవారం, రాత్రి 9:52

అవునయ్యగారూ, హెబ్రీలో కిస్సే, గ్రీకులో థ్రోనోస్. సింహం ఎక్కడా లేదు. మీరు చెప్పింది నోట్సులో రాసుకున్నాను.

మెట్టుగూడ టీచర్ | ఆదివారం, మధ్యాహ్నం 1:25

ఇప్పుడే చర్చి నుంచి వచ్చాను, బట్టలు కూడా మార్చుకోలేదు.

పాత చార్టు తీయలేదు, అక్కడే ఉంచాను. ముందు దావీదు కథ చెప్పాను, సిద్దిపేట తమ్ముడు చెప్పినట్టు: చెవి ముక్క తెచ్చే కాపరి, మొత్తం పిల్లను తెచ్చే కాపరి. పిల్లలు కదలకుండా విన్నారు. తర్వాత అందర్నీ కళ్లు మూసుకోమని, "సింహం గెలిచాడు" అని మూడుసార్లు చెప్పాను. ఏం కనిపిస్తోంది అంటే జూలు, పంజా, పళ్లు అన్నారు. అప్పుడు కళ్లు తెరవమని ఇంకో చార్టు చూపించాను. దాని మీద మెడ దగ్గర గాయంతో నిలబడ్డ గొర్రెపిల్ల. ఎవరూ నవ్వలేదు. చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు.

ఆ బాబు రెండు చార్టులనూ మార్చి మార్చి చూసి, "అయితే పేతురు సింహం దీన్నే మింగాలని చూసిందా టీచర్?" అన్నాడు. అవును అన్నాను. "మింగలేకపోయింది" అన్నాడు వాడే.

యాప్రాల్ అక్కా, మీ హోషేయ వచనం పెద్ద క్లాసు పిల్లలకు చదివాను. పోయిన ఏడాది అమ్మను పోగొట్టుకున్న అమ్మాయి ఉంది ఆ క్లాసులో. వచనం నంబరు అడిగి చేతి మీద రాసుకుంది.

వచ్చే వారం దానియేలు. నా దగ్గరున్న బొమ్మలన్నీ గుహవే. లోతైన గుంట, పైన రాయి, కింద సింహాలు ఉన్న బొమ్మ గీయగలిగేవాళ్లు ఎవరైనా ఉంటే శనివారం లోపల చెప్పండి. చార్టు, రంగులు నేను తెచ్చిస్తాను.

సిద్దిపేట కాపరి మనవడు | ఆదివారం, మధ్యాహ్నం 1:50

నేను గీస్తాను టీచరమ్మా. శుక్రవారం సాయంత్రం మెట్టుగూడ మెట్రో స్టేషన్ కింద ఇస్తాను.